మైక్ మార్చేముందు: పీసీ గేమ్ స్ట్రీమింగ్‌లో సౌండ్, క్యాప్చర్ చిక్కులు

లైవ్ మొదలై పది నిమిషాలు కాకముందే చాట్‌లో "బ్రో, వాయిస్ పగులుతోంది" అని ఒకరు, "గేమ్ సౌండ్ రెండుసార్లు వస్తోంది" అని ఇంకొకరు, "స్క్రీన్ బ్లాక్" అని మరొకరు. విజయవాడ, గుంటూరుల్లో ఇంట్లోంచే వాలరెంట్, జీటీఏ లాంటివి స్ట్రీమ్ చేసేవారిలో చాలామందికి అప్పుడు తోచేది ఒక్కటే: మైక్ మార్చాలి, లేదంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. రెండు మూడు వేలు పెట్టి కొత్త మైక్ తెచ్చాక కూడా గొంతు పగులుతూనే ఉంటుంది. ఈ సమస్యల్లో వస్తువు పాడై వచ్చేవి తక్కువ. రెండింటి మధ్య పొంతన కుదరక వచ్చేవే ఎక్కువ. మైక్ ఒక శాంపిల్ రేటులో (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందనే లెక్క), స్ట్రీమ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ ఇంకో రేటులో నడుస్తుంటాయి. గేమ్ ఒక గ్రాఫిక్స్ చిప్ మీద, ఓబీఎస్ వేరే చిప్ మీద ఉంటాయి. ఒకే శబ్దం రెండు దారుల్లో స్ట్రీమ్‌లోకి చేరుతుంటుంది. పొంతన ఎక్కడ తప్పిందో పట్టుకోగలిగితే చాలావాటికి రూపాయి ఖర్చు ఉండదు.

పట్టుకోవడానికి మొదటి సాధనం రికార్డింగ్. ఓబీఎస్‌లో స్టార్ట్ స్ట్రీమింగ్ నొక్కినప్పుడే స్టార్ట్ రికార్డింగ్ కూడా నొక్కాలి. తర్వాత కంప్యూటర్‌లో పడిన ఫైల్‌ను, యూట్యూబ్‌లో వచ్చినదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఫైల్ శుభ్రంగా ఉండి యూట్యూబ్‌లో మాత్రమే ఆగి ఆగి వస్తే తప్పు ఇంటర్నెట్ లైనుది. ఫైల్‌లో కూడా అదే పగులు ఉంటే లైన్‌ను వదిలేసి కంప్యూటర్ లోపలే వెతకాలి. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌ను అడ్వాన్స్‌డ్ మోడ్‌లో పెట్టి, రికార్డింగ్‌ను ఎంకేవీ ఫార్మాట్‌లో ఉంచి, ఆడియోను ట్రాకులుగా విడదీస్తే పని ఇంకా తేలిక. 1వ ట్రాక్‌లో అంతా కలిపి, 2లో గేమ్, 3లో మైక్, 4లో డిస్కార్డ్ (స్నేహితులతో మాట్లాడుకునే యాప్). ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ట్రాక్ విడిగా వింటే రొద ఏ దారిన వస్తోందో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెడితే, పది మార్చాక ఏది పనిచేసిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో తెలియదు.

గొంతు పగలడం, రోబోలా మారడం

గొంతు సన్నగా చిటపటలాడుతున్నా, లోహపు గొట్టంలోంచి వస్తున్నట్టు మారినా మొదట చూడాల్సింది శాంపిల్ రేటు. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో ఆడియో పేజీలో 48 కిలోహెర్ట్జ్ పెట్టాలి. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్ కిందికి వెళ్లి మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే పాత కంట్రోల్ ప్యానెల్ వస్తుంది. అందులో రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్‌ను, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో హెడ్‌ఫోన్‌ను విడివిడిగా తెరిచి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద 48000 హెర్ట్జ్ ఎంచుకోవాలి. చాలామంది ఓబీఎస్‌లో మార్చి, విండోస్‌లో మైక్ 44100 దగ్గరే ఉండిపోయిందని గమనించరు. రెండూ వేరుగా ఉన్నంతమాత్రాన సౌండ్ చెడిపోవాలని లేదు. ఓబీఎస్ ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చుకుంటూ పోతుంది. డ్రైవర్ సరిగా లేని చోట, ప్రాసెసర్ మీద భారం పెరిగినప్పుడు ఆ మార్పిడే తడబడుతుంది. ఓబీఎస్‌లో రేటు మార్చాక దాన్ని మూసి మళ్లీ తెరిస్తేనే అమల్లోకి వస్తుంది.

రేట్లు ఒకటయ్యాక కూడా పగులు ఉంటే ఓబీఎస్ లాగ్ (అది తన పనితీరును రాసిపెట్టే ఫైల్) చదవాలి. హెల్ప్ మెనూలో లాగ్ ఫైల్స్ కింద కరెంట్ లాగ్ ఉంటుంది. అందులో ఆడియో బఫరింగ్‌కు, అంటే ఆలస్యంగా వచ్చే శబ్దం కోసం ఆగే వ్యవధికి, 21 మిల్లీ సెకన్లు కలిపామనే వరుసలు కనిపిస్తాయి. ఓబీఎస్ ఆడియోను 1024 శాంపిళ్ల ముక్కలుగా తీసుకుంటుంది. 1024ను 48,000తో భాగిస్తే 21.3 మిల్లీ సెకన్లు, ఆ 21 అక్కడిది. ఒకటి రెండు వరుసలు ఉంటే దిగులు లేదు. ఆ మొత్తం పెరిగి పెరిగి 960 మిల్లీ సెకన్లకు చేరి, గరిష్ఠ బఫరింగ్ దాటిందని లాగ్ చెబితే ఏదో ఒక పరికరం వేళకు శబ్దం అందించడం లేదన్నమాట. ఆ వరుస చివర సోర్స్ పేరు, అంటే ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో కూడా ఉంటుంది. సాధారణంగా అది యూఎస్‌బీ హబ్‌లో వెబ్‌క్యామ్‌తో కలిపి గుచ్చిన మైక్ అయి ఉంటుంది. మైక్‌ను నేరుగా మదర్‌బోర్డు పోర్టుకు మార్చడం, పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయడం ఇక్కడ చేయాల్సిన పనులు. ఇవి చేసినా ఆగకపోతే లేటెన్సీమాన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. వైఫై డ్రైవర్ పేరు అందులో తరచూ పైన కనిపిస్తుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ కథ వేరు. స్ట్రీమ్ మొదలవగానే గేమ్ సౌండ్ ఫోన్ కాల్‌లా చప్పగా, కుడి ఎడమల తేడా లేకుండా మారితే అది హెడ్‌సెట్ లోపం కాదు. బ్లూటూత్ మైక్‌ను ఏ యాప్ తెరిచినా హెడ్‌సెట్ స్టీరియో పద్ధతి వదిలి కాల్ పద్ధతిలోకి దిగిపోతుంది. అందులో ధ్వని మోనో, శాంపిల్ రేటు 8 లేదా 16 కిలోహెర్ట్జ్. ఎల్ఈ ఆడియో (కొత్త బ్లూటూత్ పద్ధతి) ఉన్న కొత్త హెడ్‌సెట్లు తప్ప మిగతా అన్నిటికీ ఇదే పరిమితి. ఓబీఎస్‌లో వేరే మైక్ ఎంచుకుంటే సరిపోదు. డిస్కార్డ్ గానీ, గేమ్‌లోని వాయిస్ చాట్ గానీ అదే బ్లూటూత్ మైక్‌ను తెరిచి ఉంచుతుంది. రికార్డింగ్ ట్యాబ్‌లో దాన్ని డిజేబుల్ చేయడమే సరైన దారి. అసలు స్ట్రీమింగ్‌కు వైరు హెడ్‌ఫోనే మేలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే బ్యాండ్‌లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని వల్ల ఇంకోదానికి అంతరాయం రావడం మామూలే.

వైరు హెడ్‌సెట్‌లోనూ ఒక మెలిక ఉంది. ఫోన్‌కు పెట్టుకునే హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. డెస్క్‌టాప్‌లో మైక్‌కు, హెడ్‌ఫోన్‌కు వేర్వేరు రంధ్రాలు. ఆ పిన్నును పచ్చ రంధ్రంలో పెడితే సౌండ్ వినిపిస్తుంది, మైక్ పనిచేయదు. దీనికి కావాల్సింది వై ఆకారంలో ఉండే స్ప్లిటర్ ఒక్కటే. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫోన్ సామాను అమ్మేచోట అడిగితే చాలు, తక్కువ ఖర్చుతో పోతుంది.

ఒక శబ్దం, రెండు దారులు

గేమ్ సౌండ్ రెండుసార్లు, లేదా బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే మిక్సర్‌లో లెక్క చూడాలి. ఓబీఎస్ 28 నుంచి, ఒక్క యాప్ శబ్దాన్నే విడిగా పట్టుకునే అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ వచ్చింది. కొత్త వెర్షన్లలో, గేమ్ బొమ్మను పట్టుకునే గేమ్ క్యాప్చర్‌లోనే ఆడియో పట్టుకునే టిక్ కూడా ఉంది. ఇవి పెట్టుకున్నాక సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ ఆడియోను (కంప్యూటర్ శబ్దమంతా పట్టేదాన్ని) తీసేయకపోతే ఒకే తుపాకీ చప్పుడు కొద్ది మిల్లీ సెకన్ల తేడాతో రెండు దారుల్లో చేరుతుంది. గేమ్‌కు, డిస్కార్డ్‌కు విడివిడిగా అప్లికేషన్ ఆడియో పెట్టుకుని డెస్క్‌టాప్ ఆడియోను డిజేబుల్ చేయడమే పద్ధతి. దీనివల్ల వాట్సాప్ మోతలు కూడా స్ట్రీమ్‌లోకి రావు.

గొంతే రెండుసార్లు వస్తే మూడు చోట్లు చూడాలి: మైక్‌కు మానిటర్ అండ్ అవుట్‌పుట్ పెట్టి ఉందా, విండోస్‌లో లిజన్ టు దిస్ డివైస్ టిక్ ఉందా, సొంత లైవ్‌ను వేరే ట్యాబ్‌లో మ్యూట్ చేయకుండా తెరిచి ఉంచారా. మూడోది అయితే ప్రతిధ్వని కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే ఆనవాలు.

డిస్కార్డ్‌లో స్నేహితుడు మాట్లాడగానే గేమ్ సౌండ్ అమాంతం తగ్గిపోవడం ఇంకో ఫిర్యాదు. విండోస్ సౌండ్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో, కాల్ వచ్చినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమనే ఎంపిక మొదటినుంచే ఉంటుంది. దాన్ని డూ నథింగ్‌కు మార్చాలి. డిస్కార్డ్ వాయిస్ సెట్టింగుల్లో అటెన్యుయేషన్ స్లైడర్‌ను కూడా సున్నాకు దించాలి.

కరెంటు, ఫ్యాను, ఎండాకాలం

గుంయ్‌మనే రొద విషయంలో మన ఇళ్ల వైరింగ్‌ను విడిగా పట్టించుకోవాలి. బయటి దేశాల గైడ్లలో ఈ సంగతి సరిగా ఉండదు. ల్యాప్‌టాప్ మీద మొదటి పరీక్ష చాలా సులువు: మాట్లాడుతూ ఉండగా చార్జర్ పీకేయాలి. రొద ఠక్కున పోతే మైక్ మంచిదే, తప్పు కరెంటు వైపు ఉంది. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు కలిపి ఉండదు. ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద వేలు రాస్తే జివ్వుమన్నట్టు తగిలితే ఎర్తింగ్ సరిగా లేదనే అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించాలి. రొద పోతుందని ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, అది ప్రాణాపాయం. కంప్యూటర్, మానిటర్, స్పీకర్లను వేర్వేరు గోడల ప్లగ్గులకు కాకుండా ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే గ్రౌండ్ లూప్ (వేర్వేరు ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు) వల్ల వచ్చే గుంయ్‌మనే రొద చాలామటుకు తగ్గుతుంది.

ఫ్యాను స్పీడు మార్చినప్పుడు రొద గొంతు మారుతోందా అని చూడాలి. గుండ్రంగా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో కోసి వేగం తగ్గిస్తాయి. ఆ కోత నుంచి పుట్టే రొద 3.5 ఎంఎం అనలాగ్ మైక్‌లో తేలిగ్గా చేరుతుంది. టక్ టక్‌మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్‌తో ఈ బెడద తక్కువ. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడే రొద మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. అనలాగ్ మైక్‌ను చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు కలిపితే మదర్‌బోర్డు లోపలి రొద వరకు తప్పించుకోవచ్చు. కొన్ని వందల్లో అయిపోయే ఈ పరికరం, వేల రూపాయల మైక్ కన్నా చాలా ఇళ్లలో ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక గాలి శబ్దం. మే నెలలో ఫ్యానూ కూలరూ ఆపి స్ట్రీమ్ చేయమనడం ఇక్కడ కుదిరే సలహా కాదు. మైక్‌ను నోటికి దగ్గరగా తేవడమే అసలు మందు. దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ మేరకు గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించవచ్చు, దాంతో కూలర్ హోరు కూడా తగ్గుతుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టాలి. కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్ని ఎక్కువగా పట్టే) మైక్‌కు వెనక వైపు వినికిడి తక్కువ కాబట్టి దాని వీపు కూలర్ వైపు ఉండాలి. ఇది చేశాకే ఫిల్టర్లు. ముందు నాయిస్ సప్రెషన్‌లో ఆర్ఎన్‌నాయిస్ (రొద తగ్గించేది), తర్వాత గేట్ (మాట లేనప్పుడు మైక్‌ను మూసేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులను సర్దేది), చివర లిమిటర్ (హద్దు దాటనివ్వనిది). గేట్‌లో మొదటినుంచీ ఉండే అంకెలు, మూయడానికి మైనస్ 32, తెరవడానికి మైనస్ 26 డెసిబెల్స్. గొంతు నెమ్మదిగా ఉన్నవారికి మాట మొదటి అక్షరం తెగిపోతుంటే ఈ రెంటినీ నాలుగైదు డెసిబెల్స్ కిందికి దించాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు మీటర్ పసుపు భాగంలో, అంటే మైనస్ 20కీ మైనస్ 9కీ మధ్య ఆడాలి. ఎర్రలోకి అరుపులు మాత్రమే వెళ్లాలి. కూలర్ హోరు గొంతంత పెద్దగా ఉంటే ఏ ఫిల్టరూ కాపాడలేదు, హోరుతో పాటు మాటను కూడా తినేస్తుంది. వినాయక చవితి పందిరి మైకులో పాట గట్టిగా వస్తుంటే అది స్ట్రీమ్‌లోకి చేరి కాపీరైట్ క్లెయిమ్ పడే అవకాశం కూడా ఉంది. ఆ రోజుల్లో కిటికీ వైపున్న బల్లను లోపలి గోడకు జరుపుకోవడం మంచిది.

పెదవి కదిలాక మాట, మాటయ్యాక పెదవి

వెబ్‌క్యామ్ బొమ్మ మైక్ కన్నా ఆలస్యంగా చేరడం మామూలు. ఎంత ఆలస్యమో చప్పట్లతో కొలవాలి. సెకనుకు 60 ఫ్రేముల రికార్డింగ్‌లో కెమెరా ముందు ఒక చప్పట్లు కొట్టి, ఎడిటర్‌లో ఫ్రేము ఫ్రేముగా చూడాలి. ఆడియో గీతలో ముల్లు లేచిన చోటికీ అరచేతులు కలిసిన ఫ్రేముకీ మధ్య ఆరు ఫ్రేములుంటే, ఒక్కోటి 16.7 చొప్పున 100 మిల్లీ సెకన్లు. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్ సింక్ ఆఫ్‌సెట్‌లో 100 వేస్తే రెండూ కలుస్తాయి. వెబ్‌క్యామ్ 30 ఫ్రేములే ఇస్తుంటే ఒక్కో బొమ్మ రెండు ఫ్రేముల పాటు నిలబడుతుంది, కాబట్టి మూడు నాలుగుసార్లు కొట్టి మధ్యస్థంగా తీసుకోవాలి. గంట తర్వాత మళ్లీ ఒకసారి కొలవాలి. మొదట 100 ఉన్నది తర్వాత 400 అయితే ఆఫ్‌సెట్ మార్చి లాభం లేదు. రెండు పరికరాల గడియారాలు విడిపోతున్నాయని అర్థం. మళ్లీ శాంపిల్ రేట్లు చూసుకోవాలి. అవి సరిగానే ఉంటే ఆ మైక్ సోర్స్ ప్రాపర్టీస్‌లో యూజ్ డివైస్ టైమ్‌స్టాంప్స్ టిక్‌ను తీసి గానీ పెట్టి గానీ చూడాలి.

నల్ల తెర, ఆగి ఆగి కదిలే బొమ్మ

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉంటాయి: ప్రాసెసర్‌లో కలిసి ఉన్నది ఒకటి, ఎన్‌విడియా లేదా ఏఎండీది ఇంకొకటి. చాలా మోడళ్లలో తెర మొదటిదానికి కలిసి ఉంటుంది, గేమ్ రెండోదాని మీద నడుస్తుంది. గేమ్ క్యాప్చర్ పనిచేయాలంటే ఓబీఎస్ కూడా గేమ్ ఉన్న చిప్ మీదే ఉండాలి. తెరనంతా పట్టుకునే డిస్‌ప్లే క్యాప్చర్ పాత పద్ధతిలో పనిచేయాలంటే తెర ఉన్న చిప్ మీద ఉండాలి. ఒకదానికి సరిచేస్తే ఇంకోటి నల్లబడటానికి ఇదే కారణం. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కిందికి వెళ్లి, ఓబీఎస్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోని 64 బిట్ ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌ను జాబితాకు చేర్చి, గేమ్ క్యాప్చర్ వాడేవారు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి. ఓబీఎస్‌ను పూర్తిగా మూసి తెరవాలి. డిస్‌ప్లే క్యాప్చర్ తప్పనిసరైతే దాని ప్రాపర్టీస్‌లో క్యాప్చర్ పద్ధతి దగ్గర విండోస్ గ్రాఫిక్స్ క్యాప్చర్ పెడితే రెండు చిప్పుల గొడవ చాలావరకు తప్పుతుంది. డెస్క్‌టాప్‌లో నల్ల తెర వస్తే వెనక్కి వెళ్లి కేబుల్ చూడాలి. మానిటర్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి పెట్టేసి ఉంటారు.

చిప్పులు సరిగానే ఉన్నా నల్లగా ఉంటే గేమ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి ఓబీఎస్‌ను మామూలుగా నడుపుతున్నారేమో చూడాలి. అలాంటప్పుడు ఓబీఎస్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవాలి. వేర్వేరు సీన్లలో ఒకే గేమ్‌కు కొత్త కొత్తగా గేమ్ క్యాప్చర్ సోర్సులు చేర్చడం ఇంకో పొరపాటు. ఒకటి గేమ్‌ను పట్టుకుంటే రెండోది ఖాళీగా మిగులుతుంది. ఉన్నదాన్నే కాపీ చేసి పేస్ట్ రిఫరెన్స్‌తో రెండో సీన్‌లో పెట్టాలి. యాంటీ చీట్ ఉన్న గేముల కోసం గేమ్ క్యాప్చర్‌లో ఉన్న కంపాటబిలిటీ హుక్ టిక్‌ను తీయకూడదు. ఇవేవీ కుదరలేదని డిస్‌ప్లే క్యాప్చర్‌తో సరిపెట్టుకునేవారు ఉన్నారు. అది తెర మీద ఉన్నదంతా చూపిస్తుంది, బ్యాంకు మెయిల్, వాట్సాప్ వెబ్ సహా. చివరి దారిగానే ఉంచుకోవాలి.

తెర వచ్చింది గానీ బొమ్మ ఆగి ఆగి కదులుతోంది అంటే డాక్స్ మెనూలో స్టాట్స్ తెరవాలి. అక్కడ మూడు లెక్కలుంటాయి. రెండరింగ్ ల్యాగ్ (బొమ్మ గీయడంలో వెనుకబాటు) పెరుగుతుంటే గ్రాఫిక్స్ చిప్‌కు ఊపిరాడటం లేదు. ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే వీడియో కుదించే పని వెనకబడుతోంది. నెట్‌వర్క్ డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే లైను బలహీనం. మూడింటికి మందులు వేరు. రెండరింగ్ ల్యాగ్‌కు బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించినా, నెట్‌వర్క్ డ్రాప్‌కు గ్రాఫిక్స్ తగ్గించినా ఫలితం సున్నా.

రెండరింగ్ ల్యాగ్‌కు మూలం చాలాసార్లు గేమ్ ఫ్రేమ్ రేటుకు హద్దు లేకపోవడం. గేమ్ చిప్‌ను 99 శాతం వాడేస్తే ఓబీఎస్‌కు తన సీన్ గీసుకునే చోటు మిగలదు. గేమ్‌లోనే హద్దు పెట్టి వాడకం 90 శాతం దగ్గర నిలబెట్టాలి. ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే దానికి ప్రాధాన్యం కూడా దక్కుతుంది. మొదటి అరగంట బాగుండి ఆ తర్వాత మొదలయ్యే ల్యాగ్ వేడి వల్ల వచ్చేది. గదిలో 38, 40 డిగ్రీలున్నప్పుడు ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందుకని ఫ్రేమ్ హద్దును సాయంత్రపు చల్లదనంలో కాక, గది వేడిగా ఉన్నప్పుడు గంటసేపు ఆడి నిర్ణయించాలి. ఎన్‌కోడింగ్ ల్యాగ్‌కు, ప్రాసెసర్‌తో కుదించే ఎక్స్264 వదిలి, గ్రాఫిక్స్ చిప్‌తో కుదించే ఎన్‌వెంక్ (ఎన్‌విడియా), ఏఎంఎఫ్ (ఏఎండీ), క్విక్ సింక్ (ఇంటెల్)లలో ఉన్నదానికి మారాలి. అప్పటికీ ఆగకపోతే 1080 నుంచి 720కి దిగితే పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి.

కన్సోల్ కోసమో, రెండో పీసీ కోసమో కొనే చౌక యూఎస్‌బీ 2.0 క్యాప్చర్ కర్రల గురించి ఒక మాట. పెట్టె మీద 4కే అని ఉన్నా, 1080లో 60 ఫ్రేములు కుదించకుండా పంపాలంటే సెకనుకు సుమారు 2 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠం 480 మెగాబిట్లు. కాబట్టి అది బొమ్మను జేపెగ్‌లా నలిపి పంపుతుంది. కొన్నింటిలో స్టీరియో సౌండ్ 96 కిలోహెర్ట్జ్ మోనోగా కనిపించే లోపం కూడా ఉంది. అలాంటప్పుడు సౌండ్‌ను విడిగా 3.5 ఎంఎం కేబుల్‌తో లైన్ ఇన్‌లోకి తేవాలి.

లైను

ఫైల్ బాగుండి లైవ్ మాత్రమే తెగుతుంటే అప్‌లోడ్ వేగాన్ని స్ట్రీమ్ చేసే వేళలోనే కొలవాలి. పొద్దున్న 40 మెగాబిట్లు చూపిన లైను రాత్రి తొమ్మిదికి అంత ఇవ్వకపోవచ్చు. కొలిచినదాంట్లో 70 శాతం దాటకుండా బిట్‌రేట్ పెట్టుకోవాలి. యూట్యూబ్ 1080లో 60 ఫ్రేములకు 12 మెగాబిట్లు, 720కి 6 మెగాబిట్లు సూచిస్తుంది. ట్విచ్‌లో 6000 కేబీపీఎస్ దగ్గర ఉండాలి. రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ మారకుండా ఉంచేది), కీఫ్రేమ్ ఇంటర్వల్ (పూర్తి బొమ్మల మధ్య ఎడం) 2 సెకన్లు. బ్రాడీపేటలోనో పటమటలోనో అపార్ట్‌మెంట్‌లో చుట్టూ డజను వైఫైలు ఉన్నచోట రౌటర్ నుంచి పీసీకి లాన్ కేబుల్ లాగడాన్ని మించిన పరిష్కారం లేదు.

కరెంటు పోయినప్పుడు పీసీ నిలబడి రౌటర్ పడిపోవడం ఇక్కడ తరచూ జరుగుతుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైను మీద లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాలి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదువుకోవాలి, కొన్ని పెట్టెలు 9 వోల్టులవి. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా తట్టుకునేది సుమారు 16 మిల్లీ సెకన్లే, మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంత త్వరగా అందుకోదు. యూట్యూబ్ లైవ్ సెట్టింగుల్లో ఆటో స్టాప్ ఆపేసి ఉంచాలి. అది ఆన్‌లో ఉంటే లైను తెగగానే లైవ్ ముగిసిపోతుంది. ఆఫ్‌లో ఉంటే ఓబీఎస్ మళ్లీ కలుసుకోగానే అదే లింకులో, చూస్తున్నవాళ్లు చెదిరిపోకుండా లైవ్ కొనసాగుతుంది. ఆట అయిపోయాక మాత్రం యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి ఎండ్ స్ట్రీమ్ చేత్తో నొక్కాలి.